రెండెకరాలు, పది గేదెలు: ముందు గడ్డినీ చేతులనూ లెక్కపెట్టండి

బాబూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఖమ్మం జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద మీకు రెండెకరాలు, ఒక బోరు ఉన్నాయి. అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, 12 లక్షలు అప్పు తెచ్చి, 10 ముర్రా జాతి గేదెలు కొని డెయిరీ పెడితే నెలకు 50 వేలు మిగులుతుందా అని మీ సందేహం.

మీరు వేసుకున్న లెక్కన మిగలదు. అయితే ఆ రెండెకరాల మీద ఒక కుటుంబం అప్పు లేకుండా, గౌరవంగా బతకగలదు. మేము బతుకుతున్నాం. మాది కృష్ణా జిల్లా, పామర్రు వైపు. 1993లో నేను కాపురానికి వచ్చిన నెలలోనే మా అత్తగారు నా చేతికి పాలచెంబు ఇచ్చి పాకలోకి తీసుకెళ్లారు. అప్పటి నుంచి పురిటి రోజులు తప్ప నేను పాలు పిండని పొద్దు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇద్దరు పిల్లల చదువులు ఈ పాక మీదే గడిచాయి.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అందులో గేదెల ధర ఉంది, షెడ్డు ఖర్చు ఉంది, బ్యాంకు వడ్డీ ఉంది. తెల్లవారుజామున 4 గంటలకు లేచి పాలు పిండేది ఎవరో మాత్రం లేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు డబ్బు లెక్క చూద్దాం, ఎందుకంటే చాలామంది మునిగేది అక్కడే.

ఒక్క గేదెను తీసుకోండి. ఈనిన కొత్తలో రోజుకు 8 లీటర్లు ఇచ్చే మంచి గేదె. ఆ 8 లీటర్లు ఏడాదంతా ఉండవు. రెండు నెలలు ఉండి మెల్లగా తగ్గుతాయి. 270 రోజుల పాడిలో సగటున రోజుకు 6 లీటర్లు వస్తే అది మంచి గేదే. అంటే ఒక ఈతకు 1,620 లీటర్లు. మా దగ్గర వెన్న శాతాన్ని బట్టి పాల కేంద్రంలో లీటరుకు 55 రూపాయల చొప్పున పడుతోంది. ఆ లెక్కన 89,100 రూపాయలు. చాలామంది ఈ అంకె దగ్గరే ఆగిపోయి, దాన్ని పదితో హెచ్చించి, సంతోషంగా బ్యాంకుకు వెళ్తారు.

ఇప్పుడు ఖర్చు చూడండి. ఒంటి పోషణకు కిలోన్నర దాణా, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. 6 లీటర్ల గేదెకు రోజుకు నాలుగున్నర కిలోలు. కిలో 30 రూపాయలు వేసుకున్నా 270 రోజులకు 36,450. తర్వాత గేదె పాలు ఆగి వట్టిపోతుంది. మళ్లీ ఈనే దాకా దాన్ని పస్తు పెట్టలేం కదా. కడుపులో దూడ పెరిగేది అప్పుడే. ఆ 150 రోజులకు రోజుకు రెండు కిలోల చొప్పున 9,000. మందులు, ఖనిజ లవణ మిశ్రమం, బీమా కలిపి 5,000. వరిగడ్డి, పచ్చిగడ్డి మీ పొలంలోవే అయితే 14 నెలలకు మిగిలేది 38,650. నెలకు 2,760 రూపాయలు. వరిగడ్డి కొనాల్సి వస్తే రోజుకు 6 కిలోల లెక్కన ఇంకో 15,000 పోతుంది. నెలకు 1,680 మిగులుతుంది. పచ్చిగడ్డి కూడా కొనే పరిస్థితి వస్తే గేదెను అమ్ముకోవడమే మేలు.

మీ పది గేదెలూ ఏ లోపం లేకుండా ఉన్నా, గడ్డి మొత్తం ఇంటిదే అయినా నెలకు 27,600. 12 లక్షల అప్పు ఐదేళ్లలో తీర్చాలంటే 11 శాతం వడ్డీకి నెల వాయిదా 26 వేలు దాటుతుంది. పది గేదెలను ఇంటివాళ్లే చూడలేరు కాబట్టి ఒక మనిషిని పెట్టాలి. అతని జీతం ఎక్కడి నుంచి వస్తుందో మీరే చెప్పండి. మిమ్మల్ని నిరుత్సాహపరచాలని ఇది రాయడం లేదు. ఈ లెక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే 2004లో మేము ఆరు గేదెలను ఒకేసారి కొని, రెండేళ్లలో నాలుగింటిని నష్టానికి అమ్మేవాళ్లం కాదు.

పైన 14 నెలలు అన్నాను, గమనించారా? ఈతకూ ఈతకూ మధ్య 14 నెలలు అన్నమాట. గేదె చూడి కాలం, అంటే కడుపుతో ఉండే కాలం, పది నెలల పది రోజులు. అంటే ఈనిన నాలుగు నెలల లోపే అది మళ్లీ చూడి కట్టాలి. మన పాకల్లో చాలా గేదెలకు ఇది 18 నెలలకు పోతుంది. పాలు అంతే, మధ్యలో నాలుగు నెలల మేత అదనం. అప్పుడు నెలకు మిగిలేది 2,760 నుంచి 1,750కి పడిపోతుంది. వెన్న శాతం మీద పైసల కోసం కేంద్రంలో గొడవపడే ఇళ్లలోనే ఈ నష్టాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నేను రోజూ చూస్తున్నాను.

గేదె ఆవులా కాదు. చూడి కట్టే వేళకు, అంటే ఎదకు, ఆవు వస్తే ఊరంతా తెలుస్తుంది. గేదెది మూగ ఎద, అందులోనూ వేసవిలో మరీను. అరవదు, మీదికి ఎక్కదు. రాత్రిపూట వచ్చి పొద్దున్నకు సద్దుమణుగుతుంది. మా మూడో ఈత గేదె ఒకటి ఈని ఐదు నెలలైనా ఎదకు రావడం లేదని నేను డాక్టరుగారి చుట్టూ తిరుగుతున్నాను. ఒకరోజు పొద్దున్నే మా అత్తగారు దాని తోక పట్టుకుని నన్ను పిలిచారు. తోక కుచ్చుకు కాస్త పైన, వెంట్రుకలకు అంటుకుని ఎండిపోయిన సన్నటి జిగట. గోరుతో గీరితే అభ్రకం పొరలా మెరుస్తూ ఊడింది. ‘రాత్రి వచ్చి పోయిందమ్మా. ఇక 21 రోజులు ఆగాలి’ అన్నారు ఆవిడ. అప్పటికి అలా ఎన్ని రాత్రులు వచ్చి పోయాయో!

ఆ రోజు నుంచి పాక గోడకు ఒక క్యాలెండర్ వేలాడుతోంది. ఎద తేదీ, చూడి కట్టడానికి సూది వేయించిన తేదీ, 21వ రోజు, మూడు నెలలకు చూడి పరీక్ష, అన్నీ దాని మీదే. పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి టార్చిలైటు వేసి ప్రతి గేదె వెనుకా చూస్తాం. ఎదలో ఉంటే పడుకున్న చోట నేల మీద జిగట తీగ కనిపిస్తుంది, పాలు ఉన్నట్టుండి తగ్గుతాయి, మేత మీద ధ్యాస ఉండదు, మాటిమాటికీ కొంచెం కొంచెం మూత్రం పోస్తుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాడు పొద్దున సూది వేయించాలి. ఆ సూది వేసే గోపాలమిత్ర ఫోను నంబరు కూడా ఆ గోడ మీదే రాసి పెట్టాం. వేసవిలో మధ్యాహ్నం రెండుసార్లు గేదెల మీద నీళ్లు కొట్టండి, చెరువు ఉంటే వదలండి. ఒళ్లు చల్లబడని గేదె ఎదకు రాదు. సూది వేయించినా చూడి కట్టకుండా రెండు మూడుసార్లు తిరగపొర్లితే నాటువైద్యాలతో రోజులు పోగొట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

ఇక గడ్డి. మీ రెండెకరాలు ఎన్ని గేదెలను మోస్తాయో అదే మీ మందకు హద్దు. ఒక గేదెకు రోజుకు 30 కిలోల పచ్చిగడ్డి అంటే ఏడాదికి 11 టన్నులు. అమ్మేవాళ్లు సూపర్ నేపియర్ అనే మేత గడ్డి ఎకరానికి 150 టన్నులు అని చెబుతారు. నీళ్లు, పశువుల ఎరువు బాగా పెట్టే మా పొలంలో నేను 80 టన్నులకు మించి లెక్కవేసుకోను. అరెకరం నేపియర్ నాలుగు గేదెలకు దాదాపుగా సరిపోతుంది. అదొక్కటే పెడితే పాలు రావు, పప్పుజాతి మేత కూడా ఉండాలి. గట్ల మీద అవిశె, హెడ్జ్ లూసర్న్ వేయండి, కొంత చెక్కలో అలసంద చల్లండి. మా వైపు వరి కోతకు ముందే చేలో పిల్లిపెసర చల్లుతాం, పెద్దగా ఖర్చు లేకుండా ఎండాకాలం దాకా మేత వస్తుంది. మీకు మాగాణి ఉంటే అదే చేయవచ్చు. మిగిలిన ఎకరంలో వరి వేస్తే బియ్యం ఇంటికి, గడ్డి వాముకు. రెండు పంటల గడ్డి రెండు గేదెలకు సరిపోతుంది, మరో రెండింటికి కొనాలి. అది కూడా కోతల సమయంలోనే కొనండి. మే నెలలో కొనేవాడు రెట్టింపు పెట్టి కొంటాడు.

వరిగడ్డికి సత్తువ తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచితే గేదెలు ఇష్టంగా తింటాయి. పెట్టే ముందు కాసేపు ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు ఇది పెట్టకూడదు. యూరియా నీళ్ల బకెట్‌ను పశువులకు అందేచోట ఒక్క నిమిషం కూడా వదలకండి. ఆ నీళ్లు తాగితే పశువు చచ్చిపోతుంది.

కాబట్టి మీకు నాలుగు గేదెలు. అవీ ఒకేసారి వద్దు. ఇప్పుడు రెండు, ఆరేడు నెలలకు మరో రెండు. అలా కొంటే రెండు వట్టిపోయినప్పుడు రెండు పాడిలో ఉంటాయి, వాడుకగా పోసే ఇళ్లకు పాలు ఆగవు. నాలుగూ ఒకేసారి ఈనితే నాలుగూ ఒకేసారి వట్టిపోతాయి. 2004లో మాకు సరిగ్గా అదే జరిగింది.

కొనేటప్పుడు దూరం పోకండి. రైలెక్కి, లారీ ఎక్కి వచ్చిన గేదె మన ఎండకూ మన మేతకూ అలవాటు పడేసరికి ఆ ఈత గడిచిపోతుంది. చుట్టుపక్కల ఊళ్లలో, పాక చూసి, తల్లి ఉంటే తల్లిని చూసి, రెండో ఈతదో మూడో ఈతదో కొనండి. సంతలో పొదుగు చూసి మోసపోతారు. ముందు పూట పిండకుండా వదిలేస్తే ఏ పొదుగైనా కుండలా కనిపిస్తుంది. సాయంత్రం మీ కళ్ల ముందు పిండించండి, మరునాడు పొద్దున పిండించండి, మళ్లీ సాయంత్రం పిండించండి. మూడు పూటలూ ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి. నాలుగు చనుమొనల నుంచీ ధార సమానంగా రావాలి. పిండాక పొదుగు ఖాళీ సంచిలా మెత్తగా ముడుచుకోవాలి, చేతికి గట్టి గడ్డలు తగలకూడదు. నేను ఒకసారి బేరగాడి మాట మీద ఒక్క పూటే చూసి డబ్బు కట్టాను. ఇంటికొచ్చిన మూడో రోజు ఒక చన్ను నుంచి నీళ్లలాంటి పాలు, వాటిలో తెల్లటి రేణువులు. పాత పొదుగువాపు. ఆ చన్ను మళ్లీ బాగుపడలేదు.

ఆ పొదుగువాపు గురించి ఒక్క మాట. ప్రతి పూటా మొదటి రెండు మూడు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి, తరకలు ఉంటే వెంటనే తెలుస్తుంది. బొటనవేలు మడిచి పిండకండి, చన్ను లోపల గాయమవుతుంది. గుప్పిటతో పిండాలి. పిండిన వెంటనే గాడిలో పచ్చిగడ్డి వేయండి. చనుమొన రంధ్రం అరగంట దాకా తెరుచుకునే ఉంటుంది, ఆ అరగంట గేదె నిలబడి మేస్తూ ఉంటే పేడ మీద పడుకోదు. ఖర్చు లేని ఈ ఒక్క అలవాటు మా పాకలో ఎన్నో సూదులు తప్పించింది.

దూడను కొసరుగా చూడకండి. పుట్టిన గంటలోపు జున్నుపాలు కడుపులో పడాలి, బొడ్డుకు అయోడిన్ పూయాలి, పది పదిహేను రోజుల్లో ఏలికపాముల మందు తాగించాలి. ఆ పాములతో గేదె దూడలు చాలా పోతాయి. ఇంట్లో పుట్టిన పడ్డ, అంటే ఆడ దూడ, ఈనడానికి మూడు, మూడున్నర ఏళ్లు పడుతుంది. కానీ ఈనిన రోజున లక్ష రూపాయల గేదె మీ పాకలో నిలబడి ఉంటుంది. దాని తల్లి పాలు ఎన్నో, దాని గుణం ఏమిటో మీకు తెలుసు. 2009 తర్వాత మేము బయట గేదెను కొనలేదు.

ఇప్పుడు చేతుల సంగతి. మీ అమ్మగారిని అడిగారా? నిజంగా కూర్చోబెట్టి అడిగారా? మన ఇళ్లలో డెయిరీ పెట్టేది మగవాళ్లు, పేడ తీసేది ఆడవాళ్లు. గేదె ఒక్కొక్కటి రోజుకు 15 కిలోలకు పైగా పేడ వేస్తుంది. నాలుగింటికి 60 కిలోలు, ఆవిడ నడుం మీద. గడ్డి కోయడం, మోపు మోయడం, కుడితి పెట్టడం, దూడను విడవడం, మళ్లీ కట్టేయడం. పెళ్లికి వెళ్లినా సాయంత్రం పాలవేళకు తిరిగి రావాలి. జ్వరం వచ్చినా గేదె ఆగదు. అరవై ఏళ్లు దాటిన మనిషి మీద పది గేదెలు పెట్టి మీరు హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలు వచ్చి చూస్తానంటే నేను ఒప్పుకోను. మీరూ మీ భార్యా ఊళ్లో ఉండి, పాలు పిండడం మీరే నేర్చుకుని, గడ్డి నరికే చాఫ్‌కట్టర్ ఒకటి, రబ్బరు మ్యాట్లు నాలుగు కొనగలిగితే నాలుగు గేదెలు సుఖంగా సాగుతాయి. షెడ్డుకు లక్షలు పోయకండి. ఎత్తైన నేల, వాలు ఉన్న గచ్చు, గాలి ఆడే తాటాకు పాక చాలు. రేకుల కింద గేదెలు ఏప్రిల్‌లో రొప్పుతూ నిలబడడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

రెండింటికి వరిగడ్డి కొంటే నాలుగు గేదెల మీద నెలకు దాదాపు 9 వేలు. అది చాలదని మీరు అంటారు, నిజమే. అందుకే మిగతా చిన్న ఆదాయాలు కావాలి. సగం పాలు కేంద్రానికి పోసి, సగం నేరుగా ఇళ్లకు 75కు పోస్తే లీటరుకు 20 రూపాయలు అదనం. నాలుగు గేదెల మీద అది నెలకు 4,600 అవుతుంది. చుక్క నీళ్లు కలపని పాలకు ఖమ్మం పట్టణంలో వాడుక దొరకడం కష్టం కాదు, నిలబెట్టుకోవడమే కష్టం. మిగిలిన పాలు తోడు పెట్టి పెరుగు అమ్మండి. కిలో నెయ్యికి 14, 15 లీటర్ల పాలు పడతాయి కాబట్టి పేరు వచ్చినంతగా డబ్బు రాదు.

పెరట్లో పాతిక కోళ్లు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు పెరటికి బాగా ఒదుగుతాయి. గుడ్లకు గ్రామప్రియ, మాంసానికి వనరాజా. పొదగడానికి మాత్రం నాటు పెట్టలు రెండు మూడు ఉండాలి. వారం వయసులో కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు వేయకపోతే ఒక్క రాత్రిలో దొడ్డి ఖాళీ అవుతుంది. రెండు మూడు నెలల పొట్టేలు పిల్లలు నాలుగు కొని, గేదెలు వదిలేసిన మేత పెట్టి, దసరాకో బక్రీదుకో అమ్మండి. తొలకరికి ముందు వాటికి చిటుకు రోగం టీకా వేయించండి. లేత గడ్డి మేసిన పిల్లలు నిలబడ్డచోటే పడిపోతాయి.

పేడను మరవకండి. మా ఇంట్లో గోబర్ గ్యాస్ మీద రెండు పూటలా వంట అవుతుంది. బయటికొచ్చే ముద్ద నేపియర్‌కు, కూరగాయల మడికి పోతుంది. మిగిలిన ఎరువును మామిడి తోటల వాళ్లు ట్రాక్టరు తెచ్చుకుని కొనుక్కుపోతారు. బియ్యం, పాలు, పెరుగు, గుడ్లు, కూరలు, వంటగ్యాస్ కొనని ఇంటికి నెలకు ఎంత మిగులుతుందో ఉద్యోగంలో ఉన్నవాళ్లు లెక్కవేయరు. మీరు హైదరాబాద్‌లో ఇప్పుడు వీటి మీద పెట్టే ఖర్చు ఒక నెల రాసి చూడండి.

జబ్బుల విషయంలో చేయాల్సింది కొంచెమే, కానీ తప్పకూడదు. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందు. పెయ్యలకూ (ఆవు ఆడ దూడలకు) పడ్డలకూ నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, చూడి పోగొట్టే జబ్బైన బ్రూసెల్లాకు టీకా ఒక్కసారి. దారి తోచకపోతే 1962కు ఫోను చేయండి, సంచార పశువైద్య వాహనం నంబరు అది. బీమా చేయించి, దానికి గుర్తుగా వేసే చెవి పోగు ఊడిపోకుండా చూసుకోండి. మా పక్కింట్లో గేదె పాము కరిచి చచ్చిపోతే, చెవి పోగు లేదన్న ఒక్క కారణంతో పైసా రాలేదు. పోగు ఊడిన రోజే చెప్పి కొత్తది వేయించాలి.

అప్పు కావాలంటే పశువుల పోషణకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు, 2019 నుంచి ఉంది. సకాలంలో కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది. దాణాకు, మేతకు అది చాలు. మొదటి రెండు గేదెలను మాత్రం మీ సొంత డబ్బుతో కొనండి.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. ముందు ఒక నెల సెలవు పెట్టి, అదీ మే నెలలో, మీ ఊళ్లోనే పాడి ఉన్న ఇంటికి వెళ్లి తెల్లవారుజామున 4కు వాళ్లతో పాటు పనిచేయండి. గేదె మీ చేతికి పాలు చేపడం మొదలయ్యాక నాకు మూడు సంగతులు రాయండి: మే నెలలో మీ బోరు రోజుకు ఎన్ని గంటలు పోస్తోంది, కిందటి పంటకు మీ ఎకరంలో ఎన్ని మోపుల గడ్డి వచ్చింది, మీ అమ్మగారు ఏమన్నారు. ఆ మూడూ తెలిస్తే రెండు గేదెలతో మొదలుపెట్టాలా, ఇంకో ఏడాది ఆగాలా అన్నది ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.